జవాబు కార్డు

జూన్ 3, మంగళవారం. ఉదయం 6 గంటలు

నలభై ఒక్క ఏళ్ల క్రితం పెద్దాయన నాకొక మాట ఇచ్చాడు. నోటితో కాదు. అట్టముక్క మీద తన దస్తూరీతో రాసి, నా బల్ల ఎదురుగా గోడకు మేకు కొట్టించి మరీ ఇచ్చాడు. కార్డు రాకుండా ఉత్తరం పడదు.

పెద్దాయన మా పత్రిక ఎడిటర్. నేను లేఖల పేజీ సబ్ ఎడిటర్ని. పాఠకుడి ఉత్తరం రాగానే ఆ చిరునామాకు జవాబు కార్డు పంపేవాణ్ణి. ఒక సగం మీద మా అచ్చు వాక్యం: ఈ కింది మాటలు రాసింది మీరేనా? అవునైతే సంతకం చేసి తిప్పి పంపండి. రెండో సగం ఖాళీ. పది రోజులు ఆగేవాణ్ణి. సంతకం వస్తే అచ్చుకు, రాకపోతే బుట్టకు. మంత్రి మీద రాసినా అంతే, వీధి కుళాయి మీద రాసినా అంతే. ఆకాశరామన్నలకు మా పేజీలో పీట వేసేది లేదు.

ఆ మాట పెద్దాయన ఒక్కసారే తప్పాడు. ఆ ఒక్కసారీ మా అక్క మీద వచ్చిన ఉత్తరంతో. అక్క ప్రసూతి వార్డులో నర్సు. చెయ్యి తడపందే ఈవిడ బిడ్డను తల్లికి చూపించదు అని రాశాడు ఎవడో. నేను టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నాను. పెద్దాయనకు ఆ రోజు పేజీలో మూడంగుళాలు ఖాళీ వచ్చింది. నన్ను అడగకుండా వేసేశాడు. ఆఫీసు వాళ్లు కార్డు పంపిన నాలుగో రోజుకే. శనివారం మా కార్డు వెనక్కి వచ్చింది, ఈ పేరుగలవారు ఈ చిరునామాలో లేరు అనే ముద్రతో. అప్పటికే వార్డులో తల్లులు అక్క చేతికి బిడ్డను ఇవ్వడం మానేశారు. పదకొండో రోజున అక్క రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చింది. తరువాత పందొమ్మిదేళ్లు వెనకగదిలో కూర్చుని ఇరుగుపొరుగు చొక్కాలకు గుండీలు కుట్టింది. ఆ గదిలోకి పేపరు రానివ్వలేదు. అక్కడే పోయింది.

ఇవాళ ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, నిన్న మా పిచ్చుక ఫోన్ చూశాను.

జూన్ 3. మధ్యాహ్నం

పిచ్చుక నా మనవరాలు. కూతురి కూతురు. ఇరవై నాలుగేళ్లు. అసలు పేరు స్కూలు రిజిస్టరులో ఉంది, ఇంట్లో పనికిరాదు. కంగారు పడితే నత్తి వస్తుంది. అయినా టీచర్ అవుతానంది, అయింది. వేసవి సెలవులు పూర్తికాకుండానే క్లాసులు మొదలుపెట్టే ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి చెబుతుంది. ప్రతి శుక్రవారం ఒక పీరియడ్ క్యారెక్టర్ ఎడ్యుకేషన్.

ఆ పీరియడ్‌లో పిల్లలకు తన తప్పొకటి చెప్పింది. చిన్నప్పుడు పక్క పిల్ల జామెట్రీ బాక్స్ దొంగిలించింది. ఆ నేరం ఇంకో పిల్ల మీద పడింది. ఆ పిల్ల చెంపదెబ్బ తింది. ఇది చూస్తూ మా పిచ్చుక నోరు మూసుకుని కూర్చుంది. ఆ పిల్లకు క్షమాపణ చెప్పాలనుకుంటున్నానని చెప్పబోయి అక్కడ మాట ఆగిపోయింది. నలభై సెకన్లు రాలేదు. కళ్ల వెంట నీళ్లు వచ్చాయి, మాట రాలేదు. నలభై మంది పిల్లలు చప్పుడు చేయకుండా ఆగారు. ఒక్కరు నవ్వలేదు. అసలు పాఠం అదే.

స్కూలు వాళ్లు దాన్ని వీడియో తీశారు. పిల్లలు ఆగిన భాగం కత్తిరించారు. నత్తి, కన్నీళ్లు ఉంచారు. పైన విలువలతో కూడిన విద్య అని పెట్టి లోకం మీదికి వదిలారు.

కింద కామెంట్లు. నత్తి పంతులమ్మ. దొంగ టీచర్, జామెట్రీ బాక్సులు దాచుకోండి. ఏడుపు చానెల్ సబ్‌స్క్రైబ్ చేసుకోండి. ఒకడు ఆమె నత్తిని ముక్కలు చేసి దానికి డప్పు కొట్టి పాట చేశాడు. ఆ పాటకు పళ్లికిలించే బొమ్మలు మూడు వేలు. నేను ముప్పై ఒక్క ఏళ్లు లేఖల పేజీ చూశాను. కుళ్లు ఉత్తరాలు సంచులకొద్దీ చదివాను. అయినా అప్పట్లో కుళ్లు పంపాలంటే కవరు కొనాలి, స్టాంపు నాకాలి, పెట్టె దాకా నడవాలి. ఆ నడకలో సగం మందికి సిగ్గొచ్చి ఇంటికి తిరిగేవాళ్లు. ఇప్పుడు ఆ నడక లేదు.

పిచ్చుక ఐదు రోజులుగా స్కూలుకు వెళ్లలేదు. గది తలుపు వేసుకుంది. అది అక్క ఉన్న గది.

జూన్ 4, బుధవారం

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. గదిలో ఏసీ, గోడ నిండా కప్పులు, టేబుల్ మీద నిజాయితీ అని చెక్కిన అద్దం ముక్క. సార్ సార్ అంటూ కాఫీ తెప్పించాడు. కామెంట్లు మూయించవయ్యా అన్నాను. మూస్తే రీచ్ పడిపోతుంది సార్ అన్నాడు. నెగెటివ్ కూడా రీచేనండి, వ్యూస్ లక్ష దాటాయి, అడ్మిషన్ ఎంక్వైరీలు రెట్టింపయ్యాయి అన్నాడు. మిగతా వీడియో పెట్టమన్నాను. నిశ్శబ్దాన్ని ఎవరు చూస్తారు సార్ అన్నాడు.

పేరెంట్స్ గోల చేస్తున్నారట. ఇరవై ఏడున మీటింగ్. మేడమ్ కాంట్రాక్ట్ పొడిగించాలా వద్దా అన్నది అక్కడ తేలుతుందట. లేవబోతుంటే, మీలాంటి పెద్దలు ఆ రోజు వచ్చి సోషల్ మీడియాలో విలువల గురించి నాలుగు మాటలు చెప్పాలి సార్ అన్నాడు.

ఇల్లు తగలబెట్టినవాడు నీళ్ల గురించి ఉపన్యాసం ఏర్పాటు చేస్తున్నాడు. వస్తానన్నాను.

జూన్ 5, గురువారం

పిచ్చుక పలకరిస్తే తల ఊపుతోంది. మాట మానేసింది. నత్తి కూడా లేదు.

జూన్ 7, శనివారం. ఉదయం 10

పని దొరికింది. ఎన్నాళ్లకో.

రెండు రోజులు కూర్చుని కామెంట్లన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. నాలుగు వందల పద్దెనిమిది. ఎక్కువ మందికి మొహం లేదు, పేరు లేదు. పులి బొమ్మ, కారు బొమ్మ, సినిమా హీరో గడ్డం. అవి బుట్టకు. సొంత పేరు, పనిచేసే చోటు పెట్టుకున్నవాళ్లు తొమ్మిది మంది తేలారు. ఒక జిమ్ ట్రైనర్, ఇన్సూరెన్స్ ఏజెంట్, మోటివేషనల్ స్పీకర్, టైల్స్ షాపు ఓనరు, ఇలాంటి బాపతు. వాళ్లలో ఒక దంతవైద్యురాలు. ఆమె కూతురు పిచ్చుక క్లాసులోనే ఉంది. ఆమె రాసిందిది:

దొంగతనం చేశానని తనే చెప్పుకునే, నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడలేని మనిషి చేతిలో పెట్టడానికా మా పాపను ఈ స్కూల్లో చేర్చింది?

అన్నిటిలోకీ దీనికే ఎక్కువ లైకులు. బూతు లేదు కాబట్టి పెద్దమనుషులందరూ దీని కిందికి చేరారు. పిచ్చుక ఏడ్చింది పాటకు కాదట, దీనికట. వాళ్లమ్మ చెప్పింది.

పోస్టాఫీసులో ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. జవాబు కార్డులు అడిగినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు తాతగారూ అని, అడుగు సొరుగులోంచి దుమ్ము దులిపి తొమ్మిది ఇచ్చింది. ఒక్కో కార్డు మీద ఒక్కొక్కరి కామెంట్ అక్షరం పొల్లుపోకుండా రాశాను. పైన పాత వాక్యమే. ఈ కింది మాటలు రాసింది మీరేనా? కింద నా పేరు, నా చిరునామా. కార్డు కదా, కవరు లేదు. పోస్ట్‌మాన్ చదువుతాడు, రిసెప్షన్‌లో కూర్చున్న పిల్ల చదువుతుంది. చదవనీ. లోకమంతా చదవాలనే కదా రాశారు.

మా అమ్మాయి, అంటే పిచ్చుక తల్లి, డ్యూటీకి పోతూ చూసింది. తనూ నర్సే. మేనత్త తెల్ల డ్రెస్ చూసి చిన్నప్పుడు ముచ్చట పడి చేరింది. నాన్నా, బీపీ మాత్ర వేసుకుని ఊరికే కూర్చోరాదా అంది. పది రోజులు ఊరికే కూర్చుంటాను, అదే పద్ధతి అన్నాను.

జూన్ 11, బుధవారం

ఏమీ రాలేదు. ఎండ మండిపోతోంది. పిచ్చుక రెండు ముద్దలు తిన్నది.

జూన్ 13, శుక్రవారం

జిమ్ ట్రైనర్ కార్డును నాలుగు ముక్కలు చేసి కవర్లో పెట్టి పంపాడు. కవరు కొన్నాడు, స్టాంపు అంటించాడు, నడిచాడు. వాడి మీద కాస్త గౌరవం కలిగింది.

ఇన్సూరెన్స్ ఏజెంట్ తన విజిటింగ్ కార్డు జతచేసి, మీ వయసువారికి మంచి పాలసీ ఉంది సార్ అని రాశాడు.

మోటివేషనల్ స్పీకర్ ఫోన్ చేశాడు. నా అకౌంట్ నా టీమ్ చూసుకుంటుందండీ, నేను ఎవరినీ జడ్జ్ చేయను అన్నాడు. మరి మీ పేరున పడినదానికి ఎవరిది పూచీ అన్నాను. పాజిటివ్‌గా ఉండండి అని పెట్టేశాడు.

దంతవైద్యురాలి నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు.

జూన్ 14, శనివారం

పిచ్చుక రాజీనామా ఉత్తరం టైపు చేస్తుంటే తలుపు సందులోంచి చూశాను. మూడు వాక్యాలు. అక్కది రెండే.

జూన్ 16, సోమవారం. ఉదయం 11

ఇవాళ తొమ్మిదో రోజు.

ట్రంకుపెట్టె తెరిచాను. సంతకం లేని ఉత్తరాలను ప్రతి నెలాఖరునా తగలబెట్టాలని ఆఫీసు రూలు. తగలబెట్టేవాణ్ణి. బాగా రాసిన వాటిని మాత్రం మిగుల్చుకునేవాణ్ణి. విషం కూడా కొందరు చక్కగా కాస్తారు. కొందరు నాణేలు దాచుకున్నట్టు నేను ఇవి దాచుకున్నాను. పిచ్చుకకు పదిహేనేళ్లప్పుడు కొన్ని చదివి వినిపించాను కూడా, బురద ఎలా చల్లుతారో తెలియాలని.

నాకు కావలసింది అడుగున దొరికింది. పెద్దాసుపత్రి స్టోర్‌కీపర్ మీద వచ్చిన ఉత్తరం. రోగుల మందులు దొడ్డిదారిన బజారుకు పంపుతున్నాడని. ఆ ఇంటిపేరు దంతవైద్యురాలి బోర్డు మీద చూడగానే పోల్చాను. ఫోన్లో వెతికాను. తండ్రేనట. ఆమె పెట్టుకున్న ఫొటోల్లో ఉన్నాడు, మా నాన్న పెద్దాసుపత్రిలో స్టోర్‌కీపర్ అని గర్వంగా రాసుకుంది.

ఆ ఉత్తరానికి అప్పట్లో కార్డు పంపడానికి చిరునామా కూడా లేదు. అందుకే పడలేదు.

దాని కింద ఇంకో కాగితం ఉంది. అచ్చుకు ముందు చూసి సంతకం పెట్టే పాత ప్రూఫ్. దాన్ని చూడలేదు. అడుక్కి తోసేశాను.

జూన్ 16. సాయంత్రం 4

రాశాను.

అకౌంట్ తెరవడానికి ఐదు నిమిషాలు పట్టింది. పేరు అడిగింది. నిష్పక్షపాతి అని పెట్టాను. మొహం అడిగింది. దీపం బొమ్మ పెట్టాను. తరువాత ఆమె పేరు జోడించి, ఆ వీడియో కిందే ఇది:

ఈ దంతవైద్యురాలి తండ్రి ఆసుపత్రిలో రోగుల మందులు అమ్ముకుని కూతురిని డాక్టర్ను చేశాడు. టీచరమ్మ దొంగిలించింది జామెట్రీ బాక్స్. మీ ఇంట్లో దొంగిలించింది రోగి ప్రాణం. నోరు శుభ్రం చేసేవాళ్లు ముందు సొంత నోరు కడుక్కోవాలి.

చివరి వాక్యం రెండుసార్లు దిద్దాను. బాగా కుదిరింది. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చి ఇవాళ ఆకలి వేసింది.

జూన్ 17, మంగళవారం. ఉదయం

తొమ్మిది వందల లైకులు. ముప్పై ఒక్క ఏళ్లు సంపాదకత్వం చేశాను, ఇంతమంది నన్ను ఒక్కసారి మెచ్చుకోలేదు. అగ్గి పెట్టావు అన్నా అని ఒకడు. దొంగ కూతురు అని ఇంకొకడు. ఆమె క్లినిక్ పేజీలోకి వెళ్లి మందులు ఎంతకి అమ్ముతున్నారు మేడమ్ అని ఇరవై మంది అడిగారు.

కాఫీ రెండుసార్లు తాగాను.

జూన్ 17. మధ్యాహ్నం 2

పోస్ట్ వచ్చింది. ఒక కార్డు. రెండో సగం మీద నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలు. పన్నెండో తారీకు వేసి ఉంది. ఊళ్లోంచి ఊళ్లోకి రావడానికి ఐదు రోజులు తిరిగింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

అవునండీ, రాసింది నేనే. వీడియో సగం చూసి రాశాను. టీచర్ ఆగిపోయినప్పుడు క్లాసంతా కదలకుండా ఆగిందని మా పాప తరువాత చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి, ఏడాది కిందటి తప్పొకటి దానంతటది నాతో చెప్పింది. నా కామెంట్ తీసేశాను. తీసేస్తే చాలదని తెలుసు. మీటింగులో అందరి ముందూ ఈ మాట చెబుతాను. టీచర్ గారికి క్షమాపణ చెప్పడానికి మీ ఇంటికి రావచ్చా?

కింద సంతకం. పూర్తి పేరు. నలభై ఒక్క ఏళ్లలో ఇంత నిఖార్సయిన సంతకం చూడలేదు.

కామెంట్ తీసేసింది. పన్నెండునే తీసేసింది. నేను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాక మళ్లీ ఫోన్ చూడలేదు. అచ్చయింది అచ్చయినట్టే ఉంటుందని నా బుర్ర. మా కాలంలో పొద్దున పడినది సాయంత్రానికి మాయమయ్యేది కాదు.

నాది తీసెయ్యాలి. ఫోన్ తెరిచాను. పదకొండు వందల లైకులు. సాయంత్రం దాకా ఉండనీ అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇక్కడ అబద్ధం రాసి ఏం లాభం.

జూన్ 19, గురువారం

ఇవాళ తీసేశాను. తీసి ప్రయోజనం లేదు. స్క్రీన్‌షాట్లు ఊరంతా తిరుగుతున్నాయి. ఆ డప్పు పాటవాడు దీనికీ పాట కట్టాడు.

బస్సెక్కి క్లినిక్ వీధికి వెళ్లాను. షట్టరు దించి ఉంది. దాని మీద ఎవడో బొగ్గుతో మాత్రల బొమ్మలు గీశాడు. పక్కన జిరాక్స్ షాపువాడు చెప్పాడు. డాక్టరమ్మ మూడు రోజులుగా తీయడం లేదండీ అన్నాడు. ముసలాయన ఒకాయన ఉంటాడు వాళ్లింట్లో, ఆమె తండ్రి, ఎనభై ఎనిమిదేళ్లు, ఆయన అన్నం మానేశాడట అన్నాడు. ఎవడో పనిలేని వెధవ రాశాడు లెండి, అలాంటివాళ్లకు పురుగులు పడతాయి అన్నాడు. ఒక పేజీ జిరాక్స్ కూడా చేయించుకోకుండా నిలబడ్డానని కాబోలు, మీకేం కావాలండీ అన్నాడు.

ఏమీ వద్దన్నాను.

జూన్ 20, శుక్రవారం

పిచ్చుక మాట్లాడింది. పదిహేను రోజుల తరువాత మొదటి మాట. ఆ పాప స్కూలుకు రావడం లేదట. తోటి టీచర్ ఫోన్ చేసి చెప్పింది. బస్సులో పిల్లలు మాత్రల దొంగ అన్నారట. పిచ్చుక చెబుతుండగా నత్తి వచ్చింది, అయినా ఆపలేదు. నా మీద నాలుగు వందల మంది రాస్తే భరించాను తాతయ్యా, నా తరఫున ఒకడు రాసింది భరించలేకపోతున్నాను అంది. నేను ఎవడికి చెప్పాను నా కోసం ఒక చిన్నపిల్లను కొట్టమని అంది.

నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. పేపరు తలకిందులుగా లేదు, అంతవరకు నయం.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. ఆ స్టోర్‌కీపర్ మందుల సంగతి నేనెక్కడో విన్నాను తాతయ్యా అంది.

జూన్ 21, శనివారం. ఉదయం 7

నా కళ్లజోడు కింద ఒక జవాబు కార్డు ఉంది. మిగిలిన కార్డు కాదు, మిగల్లేదు. తనే వెళ్లి కొనుక్కొచ్చింది. వారాల తరువాత గడప దాటింది దీనికోసమే.

నా అచ్చు వాక్యం, తన చేతిరాత. ఈ కింది మాటలు రాసింది మీరేనా? కింద నిష్పక్షపాతి కామెంట్ మొత్తం. చుక్క కూడా తప్పిపోలేదు. నేనే నేర్పాను దానికి, ఎత్తిరాసేటప్పుడు సొంత తెలివి వాడకూడదని.

రెండో సగం ఖాళీ.

జూన్ 23, సోమవారం

మా అమ్మాయికి తెలిసింది. పిచ్చుక చెప్పలేదట, నా మొహం చెప్పిందట. గురివింద గింజ సామెత నాకు నువ్వే నేర్పావు నాన్నా అంది. అంతటితో ఆగితే బాగుండేది. అత్తయ్య బతికి ఉంటే నిన్ను ఏమీ అనేది కాదు, అదే నీ అదృష్టం అంది.

నాకు కోపం వచ్చింది. వాళ్లు మొదలుపెట్టారు అన్నాను. ఆ డాక్టరే ముందు రాసింది అన్నాను. నేను రాసింది నిజమో కాదో ఎవరికి తెలుసు, నిజమే అయుండవచ్చు అన్నాను. అని, విన్నాను. ఈ మూడు వాక్యాలు నాకు కొత్త కావు. ముప్పై ఒక్క ఏళ్లు నా బల్ల ముందు నిలబడి, ఉత్తరం పడలేదని గొడవ చేసిన ప్రతి ఆకాశరామన్నా ఇవే అన్నాడు.

అయినా తగ్గలేదు. వెళ్లి పడుకున్నాను.

జూన్ 25, బుధవారం

కార్డు ఇంకా బల్ల మీదే ఉంది. పిచ్చుక దాని చుట్టూ తుడుస్తోంది, ముట్టుకోవడం లేదు. పది రోజులు ఆగుతుంది కాబోలు. అదే కదా పద్ధతి.

జూన్ 27, శుక్రవారం. సాయంత్రం 6

మీటింగ్ అయింది.

హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు. వెనక బ్యానర్ మీద నా ఫొటో, ఎక్కడ దొరికిందో, పదేళ్ల కిందటిది. సీనియర్ జర్నలిస్ట్, విలువల పరిరక్షకులు అని రాయించాడు ప్రిన్సిపాల్. పిచ్చుక చివరి వరసలో కూర్చుంది. వస్తుందనుకోలేదు.

దంతవైద్యురాలు నాకంటే ముందే లేచింది. సన్నగా, కళ్ల కింద నలుపు. పక్కన వీల్‌చెయిర్‌లో తండ్రిని తెచ్చింది. ఇంట్లో దాక్కుంటే ఒప్పుకున్నట్టవుతుందని ఆయనే పట్టుబట్టాడట. ఆమె తన కామెంట్ తనే పైకి చదివింది. ఇది నేను రాశాను, తప్పు రాశాను అంది. టీచర్ గారూ నన్ను క్షమించండి అంది. మా ఇంటి మీద పడినదానికి, దీనికి లెక్క సరిపోయిందని మాత్రం ఎవరూ అనుకోకండి, అది వేరు ఇది వేరు అని కూర్చుంది. హాల్లో ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి.

తరువాత ప్రిన్సిపాల్ నన్ను పిలిచాడు. నాలుగు మంచి మాటలు సార్ అన్నాడు.

జేబులోంచి రెండు కార్డులు తీశాను. మొదటిది ఆమెది. పన్నెండో తారీకు సంతకం చేసిన కార్డు ఇది, పదిహేడున నాకు చేరింది అన్నాను. రెండోది చదివాను. నిష్పక్షపాతిది. గొంతు బాగానే పలికింది, చదవడం నాకు అలవాటే. చివరి వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఎంత ముచ్చటపడి దిద్దానో ఆ వాక్యం. తరువాత అందరి ముందూ కార్డు రెండో సగం మీద రాశాను. అవును. పేరు రాశాను. దీనికి ఆధారం నా దగ్గర లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, పేరులేని ఒక పాత కాగితం తప్ప అన్నాను.

హాలు ఒక్కసారి గోలెత్తింది. ముసలోడా అన్నారు. సిగ్గులేదా అన్నారు. న్యాయమే.

గోల మధ్య ఆ ముసలాయన చెయ్యెత్తాడు. ఆయన గొంతు వినడానికి నేను దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. కోపంగా లేడు. అదే భరించలేకపోయాను. మీ పేజీ నేను రోజూ మొదట చదివేవాణ్ణండీ అన్నాడు. అందులో పేరు లేనిది పడదని నమ్మకం అన్నాడు. మా స్టోర్స్‌లో అందరికీ చెప్పేవాణ్ణి, ఈ పేజీలో పడితే నిజమేరా అని అన్నాడు.

చేతులెత్తమంటే పిచ్చుకకు అనుకూలంగా చాలా చేతులే లేచాయి. ప్రిన్సిపాల్ వేదిక మీదే కాంట్రాక్ట్ కాగితం చాపాడు. పిచ్చుక తీసుకోలేదు. ఆ పా-పా-పాప సోమవారం క్లాసుకు రావాలి, మొత్తం వీడియో పెట్టాలి, కింద కామెంట్లు మూయాలి, ఆ తరువాత సంతకం చేస్తాను అంది. నత్తితోనే అంది. హాలంతా ఆగింది.

బస్సులో నా పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో కూర్చుంది. కానీ నా టికెట్ తనే తీసింది.

జూన్ 28, శనివారం

ప్రిన్సిపాల్ నిశ్శబ్దం వీడియో మొత్తం పెట్టాడు. కామెంట్లు మూశాడు. మంచిదే.

నా ఒప్పుకోలు వీడియో వేరేగా పెట్టాడు. పశ్చాత్తాపం విలువ అని పేరు. దాని కింద కామెంట్లు మూయలేదు. రీచ్ ఉంటుంది కదా.

అన్నీ చదివాను. ముసలి నక్క. చచ్చే ముందు నాటకం. ఇలాంటివాళ్లా పేపర్లు నడిపింది. ఒక్కదానికీ పేరు లేదు. పులి బొమ్మలు, కారు బొమ్మలు. నోట్‌బుక్ తీయలేదు.

చాలా కిందికి వెళ్లాక ఒకటి కనిపించింది. స్కూలు రిజిస్టరులో ఉన్న పేరు, పక్కన తన ఫొటో. ఆయన మా తాతయ్య. తప్పు చేశాడు. అంతే రాసింది. దానికి లైకులు లేవు.

జూన్ 30, సోమవారం. మధ్యాహ్నం

పాప క్లాసుకు వచ్చిందట. పిచ్చుక ఫోన్ చేసింది. నాకు కాదు, వాళ్లమ్మకు.

ట్రంకుపెట్టెలో ఉత్తరాలన్నీ పెరట్లో తగలబెట్టాను. ఆ ప్రూఫ్ ఒక్కటి ఉంచాను. అక్క మీద ఉత్తరం, మూడంగుళాలు. మూలన పొడి అక్షరాలు ఉన్నాయి. నావి. ఆ టైఫాయిడ్ రోజుల్లో ఆఫీసు మనిషి దీన్ని మంచం దగ్గరికే తెచ్చాడు, కార్డు ఇంకా రాలేదు, వెయ్యమంటారా అని పెద్దాయన అడగమన్నాడన్నాడు. చదివే ఓపిక లేక, వెయ్యమని పొడి అక్షరాలు పెట్టేశాను. తల కింద చెయ్యి వేసి లేపింది అక్క. పెన్ను మూత తీసి ఇచ్చింది అక్క. తరువాత ఒకే ఒక్కసారి అడిగింది, నీకు తెలుసా తమ్ముడూ అని. నన్ను అడగకుండా వేశాడక్కా అన్నాను. ఊఁ అంది. మాత్ర వేసుకున్నావా అంది.

పెద్దాయన మీద నాకిక ఏమీ లేదు.

నేను ఇంకా వదలని మనిషి ఒక్కడే. లేఖల పేజీ సబ్ ఎడిటర్.